కొవ్వు నిషేధం

డైరెక్టరు గారి రక్తంలో కొవ్వు పెరిగింది కాబట్టి సంస్థ మొత్తం పథ్యం మొదలుపెట్టింది.

ఇందులో వింతేమీ లేదు. ఆయనకు మెడ పట్టేసిన ఏడాది అందరి కుర్చీలూ మార్చారు. ఆయన పెద్దమ్మాయి సంగీతం నేర్చుకున్న ఏడాది ప్రతి సమావేశానికీ ముందు ప్రార్థనాగీతం పెట్టారు. సంస్థ అంటే పెద్దాయన ఒళ్లే. ఆ ఒంటికి ఏం వస్తే అది కింద దాకా దిగుతుంది, జీతం ఒక్కటి తప్ప.

సంస్థ పేరు ప్రాంతీయ ఔషధ పరిశోధనా మండలి. ఊరికి ఆనుకుని గుట్ట మీద ఉంటుంది. డైరెక్టరు డాక్టర్ ఇనుగంటి కోదండపాణి. ఆయనా శాస్త్రవేత్తే, ఒకప్పుడు. పదవిలోకి వచ్చాక ఆయన ప్రయోగశాల గుమ్మం తొక్కింది రిబ్బను కత్తిరించడానికే. డాక్టరు ఆయనకు చెప్పింది చిన్న మాట. గారెలు తగ్గించండి, పొద్దున్నే నాలుగడుగులు నడవండి అన్నాడు. ఆ రెండూ ఆయన వల్ల కాలేదు. ఉత్తర్వు ఇవ్వడం మాత్రం ఆయన వల్ల అవుతుంది. పైగా ఆ ఏడే ఢిల్లీలో ఎవరో ఆరోగ్య ఆవరణల పోటీ పెట్టారు. గెలిచిన సంస్థకు ఇత్తడి ఫలకం ఇస్తారు. దాంతో పెద్దాయన జబ్బు జాతీయ లక్ష్యం అయిపోయింది.

ఉత్తర్వు రాసింది పరిపాలనాధికారి చక్రధరం. ఆయన ఇంగ్లీషులో 'కొలెస్ట్రాల్ లేని ఆవరణ' అని రాశాడు. ఉత్తర్వులన్నీ తెలుగులో ఉండాలని అంతకుముందే ఇంకో ఉత్తర్వు ఉంది కాబట్టి అది అనువాదకుడి బల్ల మీదికి వెళ్లింది. ఆయన నిఘంటువు తిరగేశాడు. కొలెస్ట్రాల్‌కు దగ్గరగా కనిపించిన మాట కొవ్వు. రాసేశాడు. అనుమానం వచ్చినా అడగలేదు. అడిగితే తనకు తెలియదని నలుగురికీ తెలుస్తుంది. ఈ దేశంలో సగం ఉత్తర్వులు ఇలా అడగకుండా పుట్టినవే.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఇలా ఉంది: "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, సంస్థ ఆవరణలో ఏ వ్యక్తియందుగాని, వ్యక్తి వద్దగాని, వస్తువునందుగాని కొవ్వు ఉండరాదు. కొవ్వు కలిగియున్నట్లు రుజువైన యెడల శాఖాపరమైన కఠిన చర్య తీసుకొనబడును."

డ్రైవర్లు బోర్డు ముందు నిలబడి చదువుకున్నారు. పైవాళ్లకు అసలు జబ్బేంటో ఇన్నాళ్లకు తెలిసిందిరా అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఓ వారం నడిచింది. తరవాత క్యాంటీనులో గారెలు పోయాయి, గుడ్లు పోయాయి, పెరుగు స్థానంలో తెల్లటి నీళ్లు వచ్చాయి. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు టిఫిను డబ్బాల మూతలు తీసి వాసన చూడటం మొదలుపెట్టారు. నెయ్యి వాసన వస్తే డబ్బా లోపలికి రాదు, మనిషి ఒక్కడే వస్తాడు. పట్టుబడ్డ సరుకంతా గేటు గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని మీద 'జప్తు చేయబడిన కొవ్వు' అని చీటీ అంటించారు.

అదే సమయంలో డాక్టర్ బత్తుల సువార్త తన బతుకులోకెల్లా ముఖ్యమైన సీసా కోసం ఎదురుచూస్తోంది.

సువార్త జీవరసాయన శాస్త్రవేత్త. బాపట్ల వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది గానీ అన్న మాట వెనక్కి తీసుకోదు. ఎనిమిదేళ్లుగా ఒకే పని మీద ఉంది. ఆ పనేంటో తెలియాలంటే గుట్ట దిగి కిందున్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ బూజు జబ్బుల వార్డు ఒకటి ఉంది. షుగరు ముదిరినవాళ్లకూ, ఒంట్లో సత్తువ పోయినవాళ్లకూ ముక్కులోంచో ఊపిరితిత్తుల్లోంచో బూజు పట్టి లోపలికి పాకుతుంది. కన్ను తినేస్తుంది, దవడ తినేస్తుంది. దానికి మందు ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. ఆ మందును నర్సులు వణుకు మందు అంటారు. గ్లూకోజు నీళ్లలో కలిపి ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికే మనిషి మంచం కదిలేటట్టు వణుకుతాడు. వణుకు తగ్గుతుంది. కానీ ఆ మందు మూత్రపిండాలను కూడా పాడుచేసి పోతుంది.

ఎందుకంటే బూజు కూడా ప్రాణే. దాని కణానికీ ఒక పొర ఉంటుంది, మన కణానికీ ఉంటుంది. ఆ పొర బిగువుగా నిలవాలంటే ఒక రకం సరుకు కావాలి. మనిషిలో ఆ సరుకే కొలెస్ట్రాల్. బూజులో దానికి తమ్ముడిలాంటిది ఇంకోటి. వణుకు మందు తమ్ముణ్ణి పట్టుకుని బూజు పొరకు చిల్లు పెడుతుంది. అయితే దానికి చూపు సరిగ్గా ఆనదు. తమ్ముణ్ణి కొట్టి రమ్మంటే దారిలో అన్ననీ కొట్టి వస్తుంది. సువార్త కనిపెట్టిన కిటుకు చెప్పుకుంటే చాలా చిన్నది. మందును పంపేముందే దానికి కడుపునిండా కొలెస్ట్రాల్ పెట్టి పంపాలి. కడుపు నిండినది దారిలో మనిషి కణాల జోలికి పోదు. బూజు దగ్గరికి చేరాక మాత్రం, తమ్ముడంటేనే దానికి మక్కువ ఎక్కువ కాబట్టి, ఉన్నది వదిలేసి అతన్ని పట్టుకుంటుంది. ఇలాంటి మందులు పైదేశాల్లో ఉన్నాయి. ఆ ధరకు కొనగలిగినవాళ్లు ఆ వార్డులో పడుకోరు. సువార్తది ఆ వార్డులో పడుకునేవాళ్ల కోసం.

వార్డు పెద్ద డాక్టర్ మస్తాన్‌వలి వారానికోసారి గుట్ట ఎక్కి వచ్చేవాడు. "ఎంతవరకూ వచ్చిందమ్మా?" అని ఒక్క మాట అడిగి, టీ తాగి వెళ్లేవాడు. ఒకసారి మాత్రం టీ ముట్టుకోలేదు. వార్డులో ఒక లారీ క్లీనరు ఉండేవాడు. బూజు కన్ను తీసుకుపోయింది, మందు మిగతా ఒంటిని కాపాడింది, కాపాడిన మందే కిడ్నీలు తీసుకుపోయింది. "నేనే ఎక్కించానమ్మా, నా చేత్తో" అన్నాడు మస్తాన్‌వలి. ఆ రోజు నుంచి సువార్త ఇంటికి వెళ్లే వేళ మారిపోయింది.

ఇప్పుడు మిగిలింది ఎలుకల మీద ఆఖరి ప్రయోగం. కొన్ని ఎలుకలకు పాత మందు, కొన్నిటికి కొత్త మందు ఇచ్చి, కొన్నిటికి ఏ మందూ ఇవ్వకుండా ఉంచి, అన్నిటి కిడ్నీలూ పోల్చి చూడాలి. అది తేలితే మనుషుల మీద పరీక్షకు ఢిల్లీ అనుమతి అడగవచ్చు. దానికి శుద్ధమైన కొలెస్ట్రాల్ సీసా ఒకటి కావాలి. ఆ సీసా బొంబాయి నుంచి వచ్చింది. గేటు దాకా వచ్చింది.

సెక్యూరిటీ అతను సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు, ఉత్తర్వు చూశాడు, సీసా తీసుకెళ్లి బీరువాలో నెయ్యి డబ్బాకీ కోడి పచ్చడికీ మధ్య పెట్టాడు. అతని తప్పేమీ లేదు. ఆ గుట్ట మీద ఉత్తర్వును ఉన్నదున్నట్టు చదివినవాడు అతనొక్కడే.

సువార్త తిన్నగా చక్రధరం గదికి వెళ్లింది. చక్రధరం పొట్టి మనిషి, చాలా పెద్ద బల్ల వెనక కూర్చుంటాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మీ పరిశోధన పట్ల సంస్థకు సంపూర్ణ సానుభూతి ఉందండీ" అన్నాడు. "కానీ విధాన నిర్ణయం విధాన నిర్ణయమే. ప్రత్యామ్నాయం పరిశీలించండి. పొద్దుతిరుగుడు నూనె వాడి చూడకూడదూ? డబ్బా మీదే రాసుంటుంది, కొలెస్ట్రాల్ లేదని."

"నాకు కావలసిందే అదండీ."

"అదే వద్దంటున్నాం."

"చక్రధరం గారూ, అది లేకుండా ప్రాణి లేదండీ. మీ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. నరాల చుట్టూ ఉంది. అన్నిటికంటే ఎక్కువ ఉండేది మెదడులో."

చక్రధరం కలం కింద పెట్టాడు. "నా మెదడులో కొవ్వుందంటారా?"

"అందరికీ ఉంటుందండీ. మీకూ ఉంటుంది."

ఆయన ఆ మాటను అలాగే కాగితం మీద రాసుకున్నాడు. తేదీ వేశాడు, వేళ వేశాడు, పక్క గదిలోంచి స్టెనోను పిలిచి సాక్షి సంతకం పెట్టించాడు. స్టెనో ఏమీ విననేలేదు, అయినా పెట్టింది. సాయంత్రానికి సువార్తకు మెమో వచ్చింది. సంస్థ ఆవరణలోకి కొవ్వు తెప్పించుట మొదటి అభియోగం. పరిపాలనాధికారి మెదడు నిండా కొవ్వు ఉన్నదని నిండు కార్యాలయములో పలుకుట రెండవ అభియోగం. ఈ రెంటినిబట్టి ఉద్యోగికి స్వతహాగా మిక్కిలి కొవ్వు కలదని భావించుటకు ఆస్కారమున్నది, ఇది మూడవది.

అనువాదంలో జరిగిన పొరపాటు ఇక్కడ నడవడం నేర్చుకుంది. అంతదాకా కొవ్వంటే గారె, గుడ్డు. ఇక నుంచి కొవ్వంటే నోరు. అధికారులకు ఈ రెండో అర్థం చాలా నచ్చింది. గారెను పట్టుకోవాలంటే డబ్బా తెరవాలి. దీనికి ఆ కష్టం లేదు, మనిషి నోరు తెరిస్తే చాలు.

అందరికీ రక్తపరీక్షలు చేశారు. ఫలితాలను వరస ప్రకారం గోడకు అంటించారు, ఎవరికి ఎంత కొవ్వో అందరూ చూసుకునేటట్టు. డైరెక్టరు గారి ఫలితం మాత్రం రహస్య పత్రం అని పక్కన పెట్టారు. లక్ష్యం సున్నా అని చక్రధరం ప్రకటించాడు. సున్నా వస్తే మనిషి ఉండడని ఒక కుర్ర శాస్త్రవేత్త లేచి చెప్పాడు. లక్ష్యం ఎప్పుడూ ఉన్నతంగానే ఉండాలని చక్రధరం జవాబిచ్చి, లేచినవాడి పేరు రాసుకున్నాడు. అందరికంటే తక్కువ వచ్చింది స్టోర్సులో పనిచేసే గుమాస్తాకు. పాపం అతనికి కాలేయం చెడిపోయి కొవ్వు తయారు కావడం మానేసింది. ఆసుపత్రి మంచం దగ్గరికే వెళ్లి అతనికి శాలువా కప్పి, ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం చేతిలో పెట్టి ఫోటో తీసుకున్నారు. అతని భార్య శాలువా సర్దుతూ, డాక్టర్లు బతకడు అంటున్నారండీ అంది. సిబ్బంది ఆదర్శంగా తీసుకుంటారమ్మా అని డైరెక్టరు గారు ఆమెను ఓదార్చారు.

ఆ తరవాత ఎలుకల వంతు. ఎలుకలు సంస్థ ఆస్తి. ఉత్తర్వులో 'వ్యక్తియందుగాని వస్తువునందుగాని' అని ఉంది. కాబట్టి వాటికీ వర్తిస్తుంది. సువార్త ఎలుకల రక్తంలో కొలెస్ట్రాల్ ఉన్నట్టు సువార్త రాసుకున్న కాగితాల్లోనే దొరికింది. నెలాఖరులోగా వాటిని కొవ్వు లేని స్థితికి తీసుకురావాలి, లేదా తొలగించాలి అని ఆదేశం వచ్చింది. తొలగించడం అంటే ఏంటో జంతుశాలలో అందరికీ తెలుసు. అవి ఊరికే పెరిగిన ఎలుకలు కావు. ఒకే వయసువీ, ఒకే వంశానివీ ఏరి, ఆ ప్రయోగం కోసమే పెంచుకొచ్చినవి. అవి పోతే మళ్లీ మొదటి నుంచి మొదలు. మస్తాన్‌వలి ఫోను చేసి ఎంతవరకూ వచ్చిందమ్మా అని అడిగితే, సువార్త ఫోను పెట్టేసింది.

విచారణ కమిటీ కూర్చుంది. మధ్యలో డైరెక్టరు, కుడిపక్క చక్రధరం, ఎడమపక్క నిద్రపోతున్న ఒక సభ్యుడు. కోదండపాణి గారు పెద్దమనిషి. గొంతు పెంచడు. ముందుగా సువార్త సేవలను కొనియాడాడు. సంస్థ ఒక కుటుంబమన్నాడు. కుటుంబంలో చిన్న చిన్న పొరపొచ్చాలు సహజమన్నాడు. ఆ తరవాత ఒక కాగితం ముందుకు తోశాడు. అందులో ఒకే వాక్యం ఉంది: "నాయందుగాని, నేను తయారుచేయుచున్న ఔషధమునందుగాని కొవ్వు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

"సంతకం పెట్టేయండి సువార్తా" అన్నాడు. "సీసా సాయంత్రానికి మీ బల్ల మీద ఉంటుంది. గేటువాళ్లకు నేను చెబుతాను. ఎలుకల సంగతి కూడా మేం చూసీచూడనట్టు పోతాం. కాగితం మీద లేకపోతే చాలు."

వచ్చేముందే తోటివాళ్లు ఆమెకు ఇదే చెప్పారు. కాగితమే కదా మేడమ్, పెట్టేస్తే పోలా అన్నారు. సువార్త ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. సీసా వస్తుంది, ఎలుకలు బతుకుతాయి, ప్రయోగం అవుతుంది. ఆ తరవాతే అసలు తిరకాసు. మందు వెంబడి ఢిల్లీకి వెళ్లేది ఈ కాగితమే. రేపు ఏ ఫ్యాక్టరీవాడో మందు చేసేది కాగితంలో ఉన్నట్టే. కొలెస్ట్రాల్ లేదని రాసుంటే లేకుండానే చేస్తాడు. లేకుండా చేస్తే అది పాత వణుకు మందే. ఈసారి మస్తాన్‌వలి ఇది మంచిదన్న నమ్మకంతో ఎక్కిస్తాడు, అంతే తేడా.

"ఉందండీ" అంది.

"ఏముంది?"

"నా మందులో కొవ్వుంది. ఉండబట్టే అది మందయింది. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి."

చక్రధరం గబగబా రాస్తున్నాడు. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మందు సంగతి అలా ఉంచండి. మీకు?"

"నాకూ ఉందండీ. లేకపోతే ఇక్కడ ఇన్నేళ్లు నిలబడేదాన్ని కాదు."

ఎడమపక్క సభ్యుడికి మెలకువ వచ్చింది. ఏమన్నారని పక్కన అడిగి తెలుసుకుని, తీవ్రమైన విషయమే అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

శిక్ష ఏం వెయ్యాలన్న దాని మీద కమిటీ పొద్దు గుంకేదాకా తర్జనభర్జన పడింది. తీసేస్తే కోర్టుకు వెళుతుంది. ఉంచితే ఆవరణలో కొవ్వున్నట్టు అవుతుంది, ఇత్తడి ఫలకం పోతుంది. చివరికి చక్రధరానికే దారి తట్టింది. ఉత్తర్వులో ఉన్న మాట 'సంస్థ ఆవరణలో' అని. సంస్థకు ఆవరణ బయట, బస్సు దిగాక ఆటో ఎక్కి పోవాల్సిన చోట, గొర్రెల ఉన్ని ఉపకేంద్రం ఒకటి ఉంది. తప్పు చేసినవాళ్లను పంపడానికి తప్ప అది దేనికి ఉందో ఎవరికీ గుర్తు లేదు. కొవ్వు కలిగిన శాస్త్రవేత్తను కొవ్వు కలిగిన ఎలుకలతో సహా అక్కడికి బదిలీ చేయడమైనది. ఎలుకలు వస్తువులో ఉద్యోగులో తేలక, వాటిని 'బదిలీపై వెళ్లువారు' అనే శీర్షిక కింద చూపించి జీపు ఇచ్చారు. సువార్తకు ఇవ్వలేదు. ఆమె బస్సులో వెళ్లింది.

ఉన్ని ఉపకేంద్రం కంబళ్లదిన్నె అనే ఊళ్లో ఉంది. చుట్టూ ఎర్రమట్టి, రేణికంపలు, దూరంగా గొర్రెలు. కేంద్రాన్ని చూసుకునేది ఎల్లప్ప అనే సూపర్‌వైజరు. కురుబ మనిషి, రుమాలు చుడతాడు. బదిలీ మీద వచ్చినవాళ్లను చూసి చూసి అతనికి అలవాటే. ఎలుకల బోనులు దింపుతుంటే మాత్రం కొంచెం ఆశ్చర్యపోయాడు.

"ఇవేం తప్పు జేసినాయి మేడమ్?" అన్నాడు.

"వీటికీ కొవ్వుందంట."

"మీకూ అదేనా?"

"నాకు వీటికంటే ఎక్కువంట."

"అట్లయితే సరైన తావుకే వొచ్చినారు" అని అతను రేకుల షెడ్డు చూపించాడు.

ఆ షెడ్డులోనే ఎలుకలను పెట్టుకుంది. మరుసటి రోజు చుట్టూ తిరిగి చూస్తే, పక్క తొట్లలో ఉన్ని కడుగుతున్నారు. ఎక్కడినుంచో తెచ్చిన పొట్టేళ్లతో కలిపి పుట్టించిన గొర్రెలవి. వాటి ఉన్ని మెత్తగా ఉంటుంది గానీ జిడ్డు ఎక్కువ. వేడినీళ్లలో వేసి పిసికితే పసుపు రంగు జిడ్డు మీగడలా పైకి తేలుతుంది. దాన్ని చిప్పలతో తోడి వెనక గుంటలో పోస్తున్నారు. గుంట నిండి కాలవ కట్టి పారుతోంది. సువార్త వంగి ఆ జిడ్డును వేలితో తీసి వాసన చూసింది.

"ఇది ఏం చేస్తారు ఎల్లప్పా?"

"ఏం జేస్తాం మేడమ్, పారబోస్తాం. ఆడోళ్లు కాళ్ల పగుళ్లకు పూసుకుంటారు. పైకి ఎన్నోమార్లు రాస్తిమి, ఏం జేయాలని. జవాబు రాలే."

బొంబాయి నుంచి వచ్చి గేటు గదిలో కోడి పచ్చడి పక్కన కూర్చున్న ఆ సీసా ఇలాంటి జిడ్డులోంచి తీసిందే. ఉన్ని జిడ్డును క్షారంతో ఉడికించి, ఆల్కహాలులో కరిగించి, చల్లార్చి, మళ్లీ మళ్లీ స్ఫటికాలు కట్టిస్తే తేలేది కొలెస్ట్రాలే. ఆమెను కొవ్వుకు దూరంగా తోసేద్దామనుకున్నారు. తీసుకొచ్చి కొవ్వు గని మీద కూర్చోబెట్టారు.

కానీ ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదది. కొలిచేవాళ్లు కావాలి, కొలత సరిచూసేవాళ్లు కావాలి, యంత్రం నడిపేవాళ్లు కావాలి. ఆ కరువు సంస్థే తీర్చింది. కొవ్వును నిర్మూలించే పని గుట్ట మీద జోరుగా సాగుతోంది కదా, ఆ జోరులో ఒక్కొక్కరూ వచ్చి దిగసాగారు. సున్నా వస్తే మనిషి ఉండడన్న కుర్రాడు మొదట వచ్చాడు, వెంట ఒక సూక్ష్మదర్శిని తెచ్చుకున్నాడు. యంత్రం కొనకుండానే కొన్నట్టు సంతకం పెట్టమంటే ఎందుకు పెట్టాలి అన్న ఇంజనీరమ్మ వచ్చింది. గుమాస్తా చనిపోయాక ఆ ప్రశంసాపత్రం ఫోటో గోడ మీదినుంచి తీసెయ్యమని అడిగిన డ్రైవరు వచ్చాడు. ఆఖర్న అనువాదకుడు వచ్చాడు. కొలెస్ట్రాల్‌ను కొలెస్ట్రాల్ అనే రాయాల్సిందండీ, నాదే పొరపాటు అని ధైర్యం చేసి డైరెక్టరు గారికి విన్నవించుకున్నాడట. జారీ అయిన ఉత్తర్వులో పొరపాటు వెతకడం కంటే పెద్ద కొవ్వు ఏముంటుంది?

"నన్ను క్షమించండి మేడమ్" అన్నాడు ఆయన ఆటో దిగుతూనే.

"తరవాత మాట్లాడుకుందాం, ముందు ఆ తొట్టి పట్టండి" అంది సువార్త.

అలా గుట్ట మీద పని చెయ్యడం తెలిసినవాళ్లంతా ఒకరి వెనక ఒకరు రేకుల షెడ్డు కిందికి చేరారు. ఉన్ని జిడ్డులోంచి తీసిన కొలెస్ట్రాల్‌తోనే ఎలుకల ప్రయోగం అక్కడే పూర్తయింది. పాత మందు ఎక్కించిన ఎలుకల కిడ్నీలు పాలిపోయి ఉన్నాయి. కొత్త మందువి, అసలు మందే ఎక్కించని ఎలుకల కిడ్నీలతో పోలిస్తే తేడా పట్టడం కష్టమయింది. సువార్త నమ్మలేదు. సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజు పలకలను కుర్రాడి చేత తారుమారు చేయించి, ఏది ఏదో తెలియకుండా మళ్లీ చూసింది. మళ్లీ అదే.

ఫలకం కోసం ఢిల్లీ బృందం గుట్ట మీదికి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. వాళ్లు ప్రతి గదీ చూశారు. గిన్నె మీద మరక లేదు, బల్ల మీద కాగితం లేదు, ఎక్కడా ఏ వాసనా లేదు. ఇంత శుభ్రమైన ప్రయోగశాలలు దేశంలో ఇంకెక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. సిబ్బందిని ప్రశ్నలు అడిగితే అందరూ చిరునవ్వుతో అవునండీ అన్నారు. దేనికైనా అవునండీ అన్నారు. ఎవరిలోనూ వీసమెత్తు కొవ్వు కనిపించలేదు. ఇత్తడి ఫలకం వచ్చేసింది. అది గోడకు బిగించిన రోజు డైరెక్టరు గారి ఇంట్లో విందు జరిగింది. గారెలు వేశారు.

మందు కాగితాలు ఉపకేంద్రం నుంచే ఢిల్లీ వెళ్లాయి. డైరెక్టరు గారు వాటి మీద సంస్థ పేరు వెయ్యనివ్వలేదు. వేస్తే సంస్థ పేరు పక్కన కొవ్వు అన్న మాట అచ్చవుతుంది. ఢిల్లీ నిపుణులు చాలా కాలం చదివారు, బోలెడు ప్రశ్నలు వేశారు. అన్నిటికంటే గట్టిగా నిలదీసి అడిగింది ఒక్కటే. ఇందులో కొలెస్ట్రాల్ ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టయితే ఎంత? సువార్త ఉందని రాసింది, ఎంతో రాసింది. పెద్దాసుపత్రి వార్డులో పరీక్షకు అనుమతి వచ్చింది.

మొదటి మనిషి ఓబులమ్మ. మిషను కుట్టుకుని బతికే మనిషి. షుగరు మీద బూజు వచ్చి దవడ సగం తినేసింది. అంతకుముందు పాత మందు ఒకసారి ఎక్కించారు. ఆ వణుకు తట్టుకోలేక సూది పీకేసి, చస్తే చస్తాను గానీ అది మాత్రం వద్దని తెగేసి చెప్పింది. ఇది పరీక్ష మాత్రమేనని, వద్దనుకుంటే వద్దనవచ్చని మస్తాన్‌వలి దగ్గర కూర్చుని వివరంగా చెప్పాడు. ఆమె చెయ్యి చాపింది.

సువార్త బస్సు దిగి ఆదరాబాదరా వార్డులోకి వచ్చేసరికి సీసా వేలాడుతోంది. లేత పసుపు రంగు మందు బొట్టు బొట్టుగా దిగుతోంది. నర్సు అలవాటు కొద్దీ రెండు కంబళ్లు తెచ్చి మంచం కాళ్ల దగ్గర పెట్టుకుంది. మస్తాన్‌వలి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. వణుకు మొదలవాల్సిన వేళ వచ్చింది. సువార్త మంచం పట్టీ మీద చెయ్యి వేసి నిలబడింది. పట్టీ కదల్లేదు. ఇంకా కాసేపు చూశారు. ఓబులమ్మ కళ్లు తెరిచి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"ఏంది సారూ, అందరూ అట్ల జూస్తండారు? నాకు వణుకు రాలేదే. ఏం మందు ఇది?"

మస్తాన్‌వలి సువార్త వైపు చూశాడు. ఆమె చూపు సీసా మీదే ఉంది. ఆయనే చెప్పాడు.

"నీకు కొవ్వు ఎక్కిస్తున్నానమ్మా."

"ఎక్కనీ సారూ" అంది ఓబులమ్మ, మిగిలిన సగం దవడతోనే. "ఇన్నేండ్లూ అది లేకనే గదా, ఎవురేమన్నా నోరు మూసుకోని పడుంటిని."